తోలు గ్లౌజులు

ఫార్మసీ కాలేజీలో వకుళాదేవి గారిని ఎవరేమడిగినా వెంటనే జవాబిచ్చేవారు కాదు, ముందు ఒక పని చెప్పేవారు. శిష్యురాలు ఝాన్సీకి ఆ సంగతి తెలుసు. అయినా ఒక ఉదయం, చదువు మానేస్తానన్న ఉత్తరం రాసి పెట్టుకొని వచ్చి, అడిగేసింది: "ఎలుకల దగ్గర మనసు రాయి చేసుకోవాలంటే ఏం చేయాలి మేడం? ఇంటికెళ్తే అన్నం సయించడం లేదు."

"ముందు వాటి షుగర్ చూసి రా," అన్నారామె.

షుగర్ జబ్బు తెప్పించిన పన్నెండు ఎలుకల్లో ఆరింటికి కొత్త మందు వేస్తున్నారు. వాటి వెచ్చదనం చేతికి తగలకూడదని ఝాన్సీ దళసరి తోలు గ్లౌజులు తొడుక్కొని, ముఖం పక్కకు తిప్పుకొని, ఒక్కొక్కదాన్నీ బయటికి లాగి తోక చివర రక్తపు చుక్క తీసేది. ఆ రోజూ అంతే. అన్నిటికీ షుగర్ ఎక్కువే వచ్చింది. బెదిరితే మనకు పెరిగినట్టే ఎలుకకూ పెరుగుతుంది కదా. ఇక మందు పనిచేసిందో లేదో ఎలా తేలుతుంది? తేలకపోతే మరో పన్నెండింటిని తెప్పించాలి. గ్లౌజులు తీయకుండానే వెళ్ళి మేడంకి ఆ సంగతి చెప్పింది.

వకుళాదేవి గారు కోప్పడలేదు. "ఇవేమిటే, పాములు పట్టబోతున్నావా?" అని ఆ గ్లౌజులు తీయించారు. తాను పల్చని రబ్బరువి తొడుక్కొని, బోనులో అరచెయ్యి పెట్టి ఊరికే కూర్చున్నారు. చాలాసేపటికి ఒక ఎలుక మూతి ఆడిస్తూ వచ్చి ఆ చేతిలోకి ఎక్కింది.

"మూడు రోజులు సూది వద్దు. ఇలా కూర్చో, చాలు."

నాలుగోనాడు చూస్తే, మందు వేసిన ఆరింటికీ షుగర్ దిగింది, మిగతా ఆరింటికి ఎక్కువగానే ఉంది. కొత్త ఎలుకలు అక్కర్లేదు. చేతిలోదాన్ని బోనులోకి దించుతూ, "చాలా సాయం చేశావు నాయనా, వెళ్ళి తిను," అన్నారు మేడం. ఝాన్సీకి నవ్వు రాబోయి ఆగింది. ఆవిడ నిజంగానే అంటున్నారు. తన చేతిలోదానికి తనూ మెల్లగా ఆ మాటే చెప్పింది. చెప్పాక, ఎన్నాళ్ళకో గుండెల్లో బరువు కాస్త తగ్గినట్టనిపించింది.

కానీ మందు పరీక్ష ముగిసిన రోజున, లోపల ఎలా పనిచేసిందో చూడడానికి వాటిని చంపక తప్పదు. అది గుర్తొచ్చి అడిగింది: "ఇంత మాలిమి చేసుకుంటే, ఆ రోజు నాకు మరీ కష్టం కదా మేడం?"

"అవును తల్లీ. ఆ రోజు నేనూ పక్కనే ఉంటాను," అన్నారు వకుళాదేవి గారు. "ఆ కష్టం మన దగ్గరే ఉండనీ. వాటికెందుకు?"