అడవికోడి పెంచిన గొలుగు పొద

చీకటికోన అడవిలో కుందేళ్లు, ముంగిసలు, పికిలిపిట్టలు, నెమళ్లు ఉండేవి. చుక్కమ్మ అనే అడవికోడి కూడా ఉండేది.

చుక్కమ్మ గూడు పెద్ద చెట్ల కింద, చిక్కటి నీడలో ఉండేది. అక్కడ గడ్డిపరక కూడా మొలిచేది కాదు. ఒక ఎండాకాలం ఆ చెట్లు ఆకు రాల్చేసరికి, పైనుంచి డేగ గూడు చూసేసింది. చుక్కమ్మకు ఒక్క పిల్లా మిగల్లేదు. పాపం, ఆ తల్లి ఎంత ఏడ్చిందో!

అది చూసి పికిలిపిట్ట గొలుగు పండ్లు తెచ్చిపెట్టింది. "అక్కా, ఈ గింజలు నాటు. గొలుగు మన అడవి మొక్కే. నీడలోనూ పెరుగుతుంది, ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుంది. దాని కింద నీ పిల్లలు దాక్కోవచ్చు," అంది.

చుక్కమ్మ నాటింది. మొలకలొచ్చాయి. కానీ కోడి కాళ్లు ఊరుకుంటాయా? పురుగుల కోసం గీరీ గీరీ సగం మొలకలు తనే పెకలించేసింది!

"నా కాళ్లు పడిపోను!" అని తిట్టుకుంది. అప్పటినుంచి తిండికి వాగు అవతలికి వెళ్లేది. మొలకల దగ్గర మాత్రం కాళ్లు ముడుచుకుని కూర్చునేది.

పక్కనే పింఛయ్య అనే మగనెమలి ఉండేవాడు. "ఈ ఆకులు ఎవరు చూస్తారమ్మా? నా పూలతోట చూద్దువుగాని!" అంటూ పొలంగట్టు నుంచి బంతి మొక్కలు పీక్కొచ్చి నీడలో నాటాడు. ఎండ తగలక అవి మొగ్గైనా వేయకుండా చచ్చాయి. అయినా ఆయన బింకం తగ్గలేదు.

గొలుగు నిదానంగా ఎదిగి రెండు మూడేళ్లకు గుబురు పొద అయింది. మళ్లీ ఎండాకాలం వచ్చింది. చెట్లు బోసిపోయాయి. చుక్కమ్మ కొత్త పిల్లలతో తిరుగుతుండగా డేగ నీడ నేలమీద పడింది.

"పిల్లలూ, పొదలోకి!"

అందరూ దూరిపోయారు. డేగకు ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. ఆరుబయట పురి విప్పిన పింఛయ్య మాత్రం కనబడ్డాడు!

"చుక్కమ్మా, కాస్త చోటివ్వు తల్లీ!"

"రా బావా, రా! ఆ తోక కూడా లోపలికి లాక్కో!"

ఒళ్లు పట్టింది గానీ తోక పట్టలేదు. డేగ గుప్పెడు ఈకలు పీక్కుని పోయింది.

"ప్రాణం నిలబెట్టావమ్మా," అన్నాడు పింఛయ్య తలవంచి దండం పెడుతూ.

చుక్కమ్మ పిల్లల్ని చూసుకుంది. అందరూ ఉన్నారు. ఆమె కళ్లు చెమర్చాయి. "నాకెందుకు బావా దండం? మన పికిలికి పెట్టు," అంది.

ఇప్పటికీ ఆ పొదలో పండ్లు పండితే, పికిలి వచ్చి మొదటి పండు తినేదాకా ఎవరూ ముట్టరు. కోడిపిల్లలన్నీ కాళ్లు ముడుచుకుని కూర్చుంటాయి. వాటి పక్కనే, పొట్టి తోకతో పింఛయ్యా కూర్చుంటాడు.

నీతి: చోటుకు తగిన మొక్కను ఓపికగా పెంచితే అదే మనల్ని కాపాడుతుంది, దాన్ని చూపించినవారి మేలు ఎన్నటికీ మరవకూడదు.