గొంతెత్తిన పెట్టె

విరూపాక్షయ్య గారికి ఒక అలవాటు ఉంది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పరు, "రేపు నీ కొట్టుకొస్తాలే" అంటారు. ప్రొద్దుటూరు బట్టల బజారులో నలభై ఏళ్లు వ్యాపారం చేసి మానుకున్న మనిషి ఆయన. ఆయన దగ్గర పని నేర్చుకుని సొంత కొట్టు పెట్టుకున్న శేషఫణి ఒకరోజు దిగులుగా వచ్చాడు.

"అయ్యా, ఫోనుతో స్కాన్ చేసే బోర్డు పెట్టినా. కార్డు మిషను పెట్టినా. డబ్బు పడగానే పలికే పెట్టె కూడా పెట్టినా. చిల్లర గొడవే లేదు. అయినా పాతవాళ్లు ఒక్కొక్కరే జారుకుంటా ఉండారు. నేను చేసిన తప్పేంది?"

మర్నాడు పెద్దాయన వచ్చి గల్లా పక్కన కూర్చున్నారు.

కాసేపటికి నాగసుబ్బమ్మ తన ఆడబిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసి, చీర పెట్టి పంపాలి. నాగసుబ్బమ్మ భర్తకు పని పోయి మూడు నెలలైంది. ఆ సంగతి ఆడబిడ్డ చెవిన పడకుండా ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది పాపం.

ఒకరికి పెట్టే చీరల విషయంలో ఆ బజారుకో పద్ధతి ఉంది. ధర పైకి చెప్పరు. చీటీ మీద రాసి, మడిచి, పెట్టేవాళ్ల చేతికిస్తారు. కట్టుకునేవాళ్లకు అది తెలియకూడదు. ఈ పద్ధతి శేషఫణికి నేర్పింది పెద్దాయనే. అతనూ మరిచిపోలేదు, చీటీ మడిచే ఇచ్చాడు. నాగసుబ్బమ్మ దాన్ని చూసుకుని, కాస్త పక్కకు జరిగి ఫోను తీసింది.

ఆడబిడ్డ చీరను భుజమ్మీద వేసుకుని మురిసిపోతోంది. "ఎంత బాగుంది వదినా! ఇంత ఖరీదుది నాకెందుకు?"

"మూడు వందల అరవై రూపాయలు వచ్చాయి!" అని పెట్టె అరిచింది.

కొట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆడబిడ్డ చీరను మెల్లగా మడత పెట్టింది. "రంగు నాకు నచ్చింది వదినా, ఇదే కావాల" అంది, గొంతు మారకుండా చూసుకుంటూ. నాగసుబ్బమ్మ తలెత్తలేదు. సంచి అందుకుని వెళ్లిపోయింది. ఆమె ఇంక ఈ గడప తొక్కదని శేషఫణికి తెలిసిపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది అతనికి.

విసురుగా వెళ్లి పెట్టె వైరు పీకబోయాడు. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపారు.

"దాని మీద కోపమెందుకు నాయనా? నీకు చెప్పమని తెచ్చుకుంటివి. నీకే చెప్పమను."