గుబురయ్య బీరపందిరి

అనగనగా ఒక అడవి. ఆ అడవికి పడమటి వైపు ఒక కొండవాలు. ఆ వాలులో ఒక గుహ. ఆ గుహలో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. పేరుకి తగ్గట్టే ఒళ్ళంతా గుబురు జుట్టు. మనసు మంచిదే. కాకపోతే ఆ వాలు మొత్తానికి తనే పెద్దనని కాస్త ఎక్కువగా అనుకునేవాడు.

గుబురయ్యకి పొద్దున్నే ఒక ముచ్చట ఉండేది. లేవగానే, కళ్ళు కూడా తెరవకుండా, గుహ బయటికొచ్చి వీపు రుద్దుకునేవాడు. "ఆహా... ఓహో..." అంటూ రాగం తీసేవాడు. ఆ పని అయితే గానీ ఆయనకి తెల్లారినట్టు ఉండేది కాదు.

ఆ గుహతో ఒకటే చిక్కు. దాని ముఖం పడమరకి. ఎండాకాలం మధ్యాహ్నం దాటిందంటే చాలు, ఎండ తిన్నగా లోపలికొచ్చి గుబురయ్య పక్కమీదే పడుకునేది. అందుకని ఈసారి ముందే జాగ్రత్తపడ్డాడు. గుహ ముందు నాలుగు గుంజలు పాతాడు. పైన వెదురు బద్దలు పరిచాడు. వాటిలో గుహకి దగ్గరున్న గుంజ మొదట్లో బీరగింజలు పెట్టాడు. ఎండలు ముదిరేలోపు తీగ పైకెక్కాలి, పందిరంతా అల్లుకోవాలి, తను కింద కాళ్ళు జాపుకుని పడుకోవాలి. అదీ ఆయన ఆలోచన.

గింజలు మొలిచాయి. తీగలు సాగాయి. మీరెప్పుడైనా బీరతీగని దగ్గర్నుంచి చూశారా? దానికి సన్నటి నులితీగలు ఉంటాయి, చుట్టలు చుట్టిన దారాల్లాగా. అవే దాని చేతులు. గుంజ మీద చిన్న పెచ్చు దొరికినా చాలు, గట్టిగా పట్టుకుని పైకి పోతుంది.

గుబురయ్య తీగ మాత్రం సాయంత్రానికి జానెడు ఎక్కేది, పొద్దున్నకి నేల మీద ఉండేది. మళ్ళీ ఎక్కేది. మళ్ళీ పడేది.

"ఇదేం తీగరా బాబూ! ఎక్కమంటే పడుకుంటుంది!" అని గుబురయ్య తల పట్టుకున్నాడు.

పక్క పొదలో చెవులక్క అనే కుందేలు ఉండేది. ఎవరింట్లో ఏ మాట పుట్టినా ఆమె చెవులు అక్కడికి ముందే చేరేవి. ఆమె వచ్చి తీగని అటూ ఇటూ చూసింది.

"నీళ్ళు చాల్లేదు తమ్ముడూ," అంది.

గుబురయ్య సెలయేటి నుంచి దొప్పలతో నీళ్ళు మోసి పోశాడు. తీగ మూరెడు ఎక్కింది. తెల్లారేసరికి కింద ఉంది.

"బలం చాల్లేదు తమ్ముడూ," అంది చెవులక్క.

అడవిదున్నలు వెళ్ళిన దారంతా తిరిగి పేడ ఏరుకొచ్చి వేశాడు. ముక్కు మూసుకునే వేశాడనుకోండి. ఆకులు అరచేతులంత అయ్యాయి. తీగ బారెడు ఎక్కింది. తెల్లారేసరికి కింద ఉంది.

"ఎండ చాల్లేదు తమ్ముడూ," అంది చెవులక్క.

అడ్డమొచ్చిన కొమ్మలన్నీ విరిచేశాడు. దాంతో గుహలోకి ఉన్న ఎండకి తోడు ఇంకాస్త ఎండ వచ్చి చేరింది. తీగ మాత్రం కిందే.

"ఇంకేం చాల్లేదక్కా? నా ఓపికా?" అన్నాడు గుబురయ్య.

చెవులక్క గొంతు తగ్గించింది. "ఇది చాలకపోవడం కాదు తమ్ముడూ. ఎవరో కావాలని చేస్తున్నారు."

ఆ మాట గుబురయ్యకి భలే నచ్చింది. నీళ్ళు మోయక్కర్లేదు, పేడ ఎత్తక్కర్లేదు. దొంగని పట్టుకుంటే చాలు!

మొదట నత్త దగ్గరికి వెళ్ళాడు. ఆమె పేరు నింపాదమ్మ. సెలయేటి ఒడ్డున రాయి కింద కాపురం.

"నా తీగ కొరికింది నువ్వేనా?" అని గద్దించాడు.

నత్త ఒక కొమ్ము బయటపెట్టింది. రెండో కొమ్ము బయటికొచ్చేలోపు గుబురయ్యకి రెండు ఆవులింతలొచ్చాయి.

"నేను... కాదు... నాయనా. నేను కొరికితే... ఆకుకి... చిల్లులుండవూ? నేనే వచ్చి... చూస్తా. చూసి... ఎవరో... చెప్తా."

"నువ్వొచ్చి చెప్పేసరికి నాకు మనవలు పుడతారు," అని గుబురయ్య వెళ్ళిపోయాడు.

తర్వాత కోతి. అతని పేరు కొమ్మన్న.

"ఒరేయ్ కొమ్మన్నా, నువ్వు నా తీగకేసి వేలు చూపించావట! లేత పిందెకి వేలు చూపిస్తే రాలిపోతుందని తెలీదూ?"

"పిందె ఎక్కడుంది బావా? నువ్వింకా తీగనే నిలబెట్టలేదు!" అని కొమ్మన్న పకపకా నవ్వాడు. "అయినా నా వేలికి అంత మహిమే ఉంటే ముందు నీ పొట్టకేసి చూపించేవాణ్ణి కాదూ!"

అంటూనే రెండు చేతుల వేళ్ళూ, చాలక కాలి వేళ్ళూ, అన్నీ కలిపి గుబురయ్య పొట్టకేసి చూపించాడు. గుబురయ్య గబగబా పొట్టకి చేతులు అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచాడు. ఏమో, ఎందుకైనా మంచిదని!

మూడోది ఉడుత. పేరు వరాలు. పందిరి పక్కనున్న ఇప్పచెట్టు తొర్రలో ఉండేది. ఈమధ్యే పిల్లల్ని పెట్టింది. ముగ్గురు. ఇంకా కళ్ళు తెరవలేదు. గుబురయ్య తొర్రలోకి తొంగి చూశాడు. పిల్లల కింద మెత్తటి పరుపు. ఆ పరుపు నిండా ఎండిన నులితీగలు!

"దొరికావే వరాలూ! ఇవేంటి?"

"నులితీగలు మావా. పొద్దున్నే నీ పందిరి కింద రాలి ఉంటాయి. మెత్తగా ఉన్నాయని పిల్లల కింద వేశాను."

"రాలి ఉంటాయా? నువ్వు రాల్చావా?"

"నేనే అయితే పళ్ళతో కొరుకుతాను కదా. చివర్లు చక్కగా తెగి ఉండాలి. ఇవి చూడు మావా, ఎవరో లాగి పీకినట్టున్నాయి. నువ్వొకసారి చూడు."

గుబురయ్య చూడలేదు. చూస్తే మళ్ళీ ఆలోచించాలి. "పెద్దవాడితో వాదన పెట్టుకుంటావా? రేపు పొద్దున అందరి ముందూ తేలుస్తాను. దొంగెవరైనా సరే, ఈ వాలు విడిచి పోవాల్సిందే!" అన్నాడు.

వరాలు పిల్లల వైపు చూసింది. వాలు దాటితే అంతా బోడి బండలు. ఒక్క చెట్టు లేదు. పైన గద్దలు తిరుగుతుంటాయి. కళ్ళు తెరవని పిల్లల్ని అక్కడ ఎలా దాచాలి?

ఆ సాయంత్రం గుబురయ్యకి గొప్ప ఉపాయం తట్టింది. దూలగొండి కాయ తెలుసు కదా? పైన బంగారు రంగు నూగు ఉంటుంది. చూడ్డానికి పట్టులా మెరుస్తుంది. ఒంటికి తగిలిందా, ఇక చూసుకోండి, గంతులే గంతులు! గుబురయ్య చేతులకి టేకాకులు చుట్టుకుని ఆ కాయలు కోసుకొచ్చాడు. నాలుగు గుంజలకీ ఆ నూగంతా శుభ్రంగా పట్టించాడు.

"ఎవరు గుంజ ముట్టుకుంటే వాళ్ళు పొద్దున్నకి గోక్కుంటూ దొరుకుతారు. ఎవరికీ చెప్పకు," అని చెవులక్క చెవిలో చెప్పాడు. ఆ చెవిన పడ్డ మాట నోరు దాటకుండా ఆపడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

తెల్లారింది. గుబురయ్య లేచాడు. కళ్ళు తెరవకుండా బయటికొచ్చాడు. రోజూ చేసినట్టే వీపు ఆనించాడు. రుద్దాడు. కిందికి రుద్దాడు, పైకి రుద్దాడు.

"ఆహా... ఓహో... ఆ... ఆ... అమ్మో! అయ్యో! బాబోయ్!"

కళ్ళు తెరిచాడు. దేనికి రుద్దుకున్నాడో చూశాడు. పందిరి గుంజ! ఎన్నాళ్ళగానో రుద్దీ రుద్దీ వీపు మీద జుట్టు పల్చబడి ఉందేమో, నూగంతా నేరుగా చర్మానికి పట్టేసింది. కాళ్ళ దగ్గర బీరతీగ అప్పుడే ఊడి పడి ఉంది. భుజం మీదకి చెయ్యి పోనిచ్చి తడిమితే, జుట్టులో పచ్చిపచ్చి నులితీగలు చేతికి తగిలాయి. నిన్న సాయంత్రం గుంజని పట్టుకున్నవే. పాపం, ఇప్పుడు ఆయన జుట్టు పట్టుకుని వేలాడుతున్నాయి.

"అంటే... రోజూ పీకేది... నేనా?"

అటు చూశాడు. ఇటు చూశాడు. ఎవరూ లేరు. ఒక్క పరుగున సెలయేటికి పోయి బురదలో దొర్లాడు. వీపంతా బురద మెత్తుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి పెద్దరికంగా బండ మీద కూర్చున్నాడు.

అందరూ వచ్చారు. "ఏంటి బావా, పొద్దున్నే బురద స్నానం? పెళ్ళిచూపులా?" అన్నాడు కొమ్మన్న.

"ఎండలు కదా, చలవకి," అన్నాడు గుబురయ్య, పళ్ళు బిగించి. వీపు మీద వెయ్యి చీమలు ఆటలాడుతున్నట్టుంది. గోక్కుంటే దొరికిపోతాడు. ఒక కన్ను దానంతటదే కొట్టుకుంటోంది.

చెవులక్క ఇక ఆగలేకపోయింది. "వినండర్రా! గుంజలకి దూలగొండి రాసి ఉంది! ఎవరు గోక్కుంటే వాళ్ళే దొంగ!"

అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. టకటకా గోక్కుంటూ ఒకడు కనిపించాడు. కొమ్మన్న!

"ఓయ్! ఇది మా తాతల నాటి గోకుడు!" అని కొమ్మన్న ఎగిరిపడ్డాడు. "నేను గోక్కోని రోజంటూ ఎప్పుడైనా చూశారా?"

నిజమే. ఎవరూ చూడలేదు. ఆ గోకుడు లెక్కలోకి రాదన్నారు.

"అయితే వరాలే," అంది చెవులక్క. "దానికి గుంజలు ఎక్కాల్సిన పనేముంది? చెట్టు మీంచి పందిరి మీదకి దూకుతుంది. అందుకే దురద లేదు. నులితీగలు దాని ఇంట్లోనే దొరికాయి కదా! ఏమంటావు తమ్ముడూ?"

గుబురయ్య ఏమీ అనలేదు. అనకపోతే అవునన్నట్టే కదా. ఊరికే కూర్చుంటే చాలు, తన పరువు తనకి ఉంటుంది. వాలుకి పెద్దగా ఉంటాడు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

వరాలు బతిమాలలేదు. "మీ పెద్దరికం చల్లగుండా మావా," అంది. చెట్టెక్కి ఒక పిల్లని నోట కరుచుకుని దిగింది. తొర్రలో మిగిలిన ఇద్దరూ కిచకిచమని అమ్మ కోసం ఏడుస్తున్నారు. వరాలు బండల వైపు నాలుగడుగులు వేసి ఆగింది. తలెత్తి ఆకాశంలోకి చూసింది. పైన ఒక గద్ద, తాపీగా గుండ్రంగా తిరుగుతోంది.

గుబురయ్య కూడా తలెత్తి చూశాడు. ఆ క్షణంలో, నమ్మండి, ఆయన దురద సంగతే మర్చిపోయాడు.

"ఆగు వరాలూ!" అని అరిచాడు. "దొంగని నేనే!"

అందరూ నోళ్ళు తెరిచారు. గుబురయ్య వెనక్కి తిరిగాడు. బురద పెళ్ళలు రాల్చి చూపించాడు. లోపల వీపు ఎర్రగా వాచి ఉంది. జుట్టులో నులితీగలు వేలాడుతున్నాయి.

"రోజూ పొద్దున గుంజకి వీపు రుద్దుకునేది నేనే. తీగని పీకేది నేనే. వెతికింది మాత్రం మీ అందరి ఇళ్ళల్లో. తప్పయిపోయింది. ఇప్పుడు... కాస్త గోక్కోవచ్చా?"

 ముందు కొమ్మన్న నవ్వడం మొదలుపెట్టాడు. కొమ్మ మీంచి కిందపడ్డాడు. పడి కూడా నవ్వాడు. అప్పుడే గడ్డిలోంచి నింపాదమ్మ మెల్లగా తల బయటపెట్టింది.

"గుబురూ... నేను... చూశా నాయనా. దొంగ... నువ్వే. చెప్దామని... అప్పుడే... బయల్దేరా."

ఇక చూడండి, వాలు వాలంతా నవ్వే! వరాలు మాత్రం నవ్వలేదు. పిల్లని నేల మీద పెట్టింది.

"దింపించింది నువ్వు కదా మావా. ఎక్కించేది కూడా నువ్వే," అంది.

గుబురయ్య ఆ పసిదాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. నేరేడు పండంత ఉంది. దురద చంపేస్తున్నా చెయ్యి కదలనివ్వకుండా, మూడు కాళ్ళ మీద ఇప్పచెట్టెక్కి తొర్రలో పడుకోబెట్టి వచ్చాడు. ఆ తర్వాత ఆయన సెలయేట్లో ఎంతసేపు మునిగి కూర్చున్నాడో మాత్రం అడక్కండి.

తిరిగొచ్చి, దొప్పలతో నీళ్ళు పోసి గుంజల మీది నూగంతా కడిగేసరికి వరాలు గుంజ దగ్గరికొచ్చింది.

"చెయ్యి పెట్టి చూడు మావా. నీ వీపు రాపిడికి అద్దంలా నున్నగా అయిపోయింది. నువ్వు మానేసినా తీగకి గట్టి పట్టు దొరకదు. రేగుకంప తెచ్చి కట్టు. తీగకి పట్టుకోడానికి పుల్లలుంటాయి. నీకు ఆనుకోడానికి ముళ్ళుంటాయి."

"రెండోది కూడా కావాలంటావా?" అన్నాడు గుబురయ్య.

"రెండోదే ముఖ్యం," అంది వరాలు.

కావలసే వచ్చింది. అలవాటు అంత తేలిగ్గా పోతుందా? మర్నాడు పొద్దున కళ్ళు మూసుకుని వచ్చి ఆనుకున్నాడు. "అమ్మో!" ఆ మర్నాడూ అంతే. "అమ్మో!" కొన్నాళ్ళపాటు ఆ కేకకే వాలంతా నిద్ర లేచింది. కొమ్మన్నయితే, "బావ అరిచాడు, ఇక లేవండర్రా," అని చెట్టు చెట్టుకీ తిరిగి చెప్పేవాడు. తర్వాత తర్వాత గుబురయ్యే కళ్ళు తెరుచుకుని రావడం నేర్చుకున్నాడు.

బీరతీగ రేగుపుల్ల పట్టుకుంది. ఇంకో పుల్ల పట్టుకుంది. పందిరెక్కింది. ఎండలు ముదిరేసరికి గుహ ముందు పచ్చటి నీడ, ఆ నీడ నిండా పసుపుపచ్చ పూలు. ఆ నీడలో గుబురయ్య కాళ్ళు జాపుకుని పడుకున్నాడు. హాయిగానే ఉంది. కానీ వీపు... ఆ వీపుని ఏం చెయ్యాలి?

అప్పుడు పందిరి మీంచి మూడు చిన్న తోకలు కిందికి దిగాయి. వరాలు పిల్లలు! కళ్ళు తెరిచారు, పరుగులు నేర్చారు. ముగ్గురూ గుబురయ్య వీపెక్కి బుల్లి గోళ్ళతో బరబరా గోకడం మొదలుపెట్టారు.

"ఆహా... ఓహో... కొంచెం ఎడమకి నాన్నా... ఆ, అక్కడే!" అన్నాడు గుబురయ్య.

కళ్ళు మాత్రం మూసుకోలేదు.

నీతి: పని చెడినప్పుడు ఊరందరినీ అనుమానించే ముందు మనం రోజూ ఏం చేస్తున్నామో కళ్ళు తెరిచి చూసుకోవాలి, తప్పు మనదే అని తేలితే, ఇంకొకరికి శిక్ష పడకముందే ఒప్పుకోవాలి.