మాలకొండయ్య దండం

తట్టెత్తు తట్టెత్తు తంగేడు పువ్వా
గట్టు మీద పిలిచేది ఎవరే పువ్వా
మేనమామ కాదంట, మరి...

ఆ తరవాతి మాట గుర్తు రావడం లేదు. పిలిచింది ఎవరో అందులోనే ఉండేది. మట్టి మోసేటప్పుడు పాడుకునేవాళ్ళం. పాట పోతే పోయింది, కథ ఉంది. వినండి.

ఎన్నేళ్ళ కిందటో అడక్కండి. మట్టి తవ్వే బండి మా వైపు కొత్తగా వచ్చిన కాలం. మా సందుల్లో మంచినీళ్ళ గొట్టాలు వేస్తున్నారు. సందులు ఇరుకు, అందుకని చిన్న బండి తెచ్చారు. దాన్ని నడిపేవాడు మాలకొండయ్య. సన్నటి మనిషి, చొక్కాకి రెండే గుండీలు. ఎవరూ లెక్కచెయ్యని మనిషి.

ఆ బండి తిరిగితే ముందు చెయ్యి ఒకవైపు పోతుంది, వెనక భాగం ఇంకోవైపు వస్తుంది. వెనక గోడ ఉందంటే మధ్యలో మనిషి నలిగిపోతాడు. మాకు ఆ సంగతి అప్పుడు తెలీదు.

ఎవరు దగ్గరికొచ్చినా మాలకొండయ్య మట్టి తీసే బకెట్ నేలకి ఆనించేవాడు. రెండు చేతులూ జోడించి దండం పెట్టేవాడు. "ఇప్పుడు రామ్మా" అనేవాడు. మట్టి మోసే నాకు పెట్టాడు. మజ్జిగ తెచ్చిన ముసలామెకి పెట్టాడు. దారి తప్పిన కోడిపెట్టకీ పెట్టాడు.

"కోడికి దండమేంది మాలకొండన్నా?" అని నవ్వాను.

"లివర్లు వదిలేస్తే బండి ఆగుద్ది. చేతులు జోడిస్తే వదిలినట్టే కదమ్మా. నువ్వు చూసి రావచ్చు."

"మరి కోడికేం తెలుసు?"

"దానికి తెలీదు. నా చేతులకి తెలియాలిగా."

పని ఆగుతోందని మా కోటిలింగం మేస్త్రికి ఒళ్ళు మండింది. మొదటి రోజు "దండాలు గుళ్ళో పెట్టుకో" అన్నాడు. రెండో రోజు "నువ్వు దిగు, పూజారిని ఎక్కిస్తా" అన్నాడు. మూడో రోజు "ఇంకొక్కసారి ఆపావంటే రేపు రావద్దు" అన్నాడు. మాలకొండయ్య ఇంట్లో ఆరుగురు తినేవాళ్ళు. తల వంచుకుని సరేనన్నాడు. ఆ పూట లివర్ల మీంచి చేతులు తియ్యలేదు.

మధ్యాహ్నం మేస్త్రి గొట్టాలు చూసుకుంటూ బండికీ గోడకీ మధ్య దూరాడు. బండి తిరుగుతోంది. నేను అరిచాను. ఆ మోతలో నా గొంతు నాకే వినబడలేదు. ఏం తోచక తట్ట వదిలేసి, బండికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించాను. ఎందుకు జోడించానో ఇప్పటికీ తెలీదు.

మాలకొండయ్య నన్ను చూశాడు. ఆపితే పని పోతుందని తెలుసు. అయినా చేతులు లేచాయి, కలిశాయి. బండి ఆగింది. మేస్త్రి రొమ్ముకీ ఆ ఇనుముకీ మధ్య జానెడు.

మేస్త్రి బయటికొచ్చి మట్టిలో కూర్చున్నాడు. మాలకొండయ్యతో "రేపు పెందలాడే రా" అన్నాడు. అంతే.

ఇప్పటికీ మా వైపు డ్రైవరు దండం పెట్టేదాకా బండి దగ్గరికి ఎవరూ పోరు. "మాలకొండయ్య అయిందా?" అని అడిగి మరీ కదులుతారు. కొత్త బండి అద్దం మీద రెండు చేతుల బొమ్మ వేయించి కుంకం పెడతారు. ఆయన భక్తుడంటారు కొందరు. భయస్తుడంటారు కొందరు. నాకు రెండూ అనిపించవు. ఏమిటో మరి.

ఆయనకి బాగా లేదంటే చూడ్డానికి పోయాను. దుప్పటి కప్పుకుని మంచంలో ఉన్నాడు. అలవాటుకొద్దీ గుమ్మంలోనే ఆగాను. దుప్పటి కింద లివర్లు వెతుక్కుంటున్నట్టు చాలాసేపు కదిలాడు. చివరికి రెండు చేతులూ బయటికి తీసి జోడించాడు. ఎక్కడికి పిలిచాడో, ఆ పాటలో పిలిచిందెవరో తెలీనట్టే, నాకు తెలీదు.

"ఇప్పుడు రామ్మా" అన్నాడు.