ఇరవై వేల క్లిక్కులు

మండపేటలో గుమ్మళ్ళ వాళ్ళింట్లో తెలివి ఎక్కువై మిగిలిపోతూ ఉండేది. ఈ మాట ఊరన్నది కాదు, వాళ్ళే అన్నారు. ఇంటి పెద్ద తాతబ్బాయికి ఓ ఫోటో స్టూడియో. తమ్ముడు పోలయ్య ఆ స్టూడియోకి సలహాదారు. తాతబ్బాయి భార్య మంగాయమ్మ ఆ సలహాదారుకి సలహాదారు.

ఒకరోజు రైసుమిల్లు చిట్టియ్యగారు తాతబ్బాయిని పిలిచి, "మా మనవరాలి పెళ్ళి. పెద్ద కెమెరా తెస్తే ఫోటోలు నీవేనోయ్. లేదంటే రాజమండ్రి వాళ్ళని పిలుచుకుంటాను" అన్నారు. తాతబ్బాయి వెంటనే తలూపేశాడు. మూడు నెలలుగా పాస్‌పోర్టు ఫోటోలే తప్ప ఒక్క పెళ్ళి లేదు. ఇదీ పోతే స్టూడియోకి తాళమే. అది తలుచుకుంటేనే అతనికి ఏడుపొచ్చేది.

కొత్తది కొనే తాహతు లేదు. అంతే, ముగ్గురూ బస్సెక్కి రాజమండ్రిలో పాత కెమెరాలమ్మే ఖాదర్ గారి కొట్టులో దిగారు.

"ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్. పెద్ద కెమెరాయే, ఈ రకం వచ్చిన కొత్తల్లోది. లోపల అద్దం ఉండదు, అందుకే తేలిక" అన్నాడాయన.

"అద్దం తీసేసుకుని మాకమ్ముతున్నారా?" అంది మంగాయమ్మ. "పోన్లెండి, మా ఇంట్లో రెండున్నాయి."

ఖాదర్ గారు ఓపికున్న మనిషి. "బ్యాటరీ తొందరగా అయిపోతుంది, రెండూ ఎప్పుడూ దగ్గరుంచుకోండి. ఇది మొత్తం లక్షన్నర క్లిక్కులు వస్తుంది, ఆపైన పనిచెయ్యదు. ఇంకా ఇరవై వేలు మిగిలాయి. వారం రోజులు వాడి చూసుకుని, నచ్చితేనే డబ్బివ్వండి" అన్నాడు.

ఇంకేముంది! పోలయ్య రెండు బ్యాటరీలూ మొలతాడుకి కట్టుకున్నాడు. దగ్గరుంచుకోమన్నారు కదా, స్నానానికెళ్ళినా విప్పలేదు. మూడో చెంబుకి రెండూ చచ్చాయి. మళ్ళీ బస్సు, మళ్ళీ బ్యాటరీలు.

అప్పుడు తాతబ్బాయికి అసలు అనుమానం పట్టుకుంది. "ఇరవై వేలున్నాయన్నాడు సరే, ఎవడు చూశాడు? పదిహేనే ఉంటే?"

"వంకాయలు కొన్నా తూకం చూసుకుంటాం కదన్నయ్యా! లెక్కెట్టేద్దాం" అన్నాడు పోలయ్య.

అంతే. కెమెరాని వంటింటి గోడకెదురుగా పీట మీద పెట్టి నొక్కడం మొదలెట్టారు. నూటికో చింతపిక్క పక్కన పెట్టింది మంగాయమ్మ. తొమ్మిది వేల దగ్గర కోడి వచ్చి రెండు పిక్కలు మింగింది. ఆ కోడిని పట్టుకొచ్చి పిక్కల సరసన కూర్చోబెట్టి, "ఇది రెండొందలు" అనుకుని ముందుకెళ్ళారు. తాతబ్బాయి వేలు వాచింది, పసుపు రాసుకుని మరీ నొక్కాడు. ఐదో రోజున ఇరవై వేలో నొక్కుకి కెమెరా కిర్రుమంది, ఆపై ఒక్క ఫోటో పడలేదు; తెర మాత్రం వెలుగుతూనే ఉంది.

తాతబ్బాయి కళ్ళు చెమర్చాయి. "ఒక్కటి తేడా లేదురా! ఎంత నిజాయితీ మనిషి!" అని పరుగున వెళ్ళి, డబ్బంతా కట్టి, ఖాదర్ గారికి దణ్ణం పెట్టి వచ్చాడు.

పెళ్ళిలో తలంబ్రాలు మొదలయ్యాయి. "తియ్యవేమయ్యా?" అని గద్దించారు చిట్టియ్యగారు.

"ముందే తీసేశానండి, ఇరవై వేలు!" అని తాతబ్బాయి కెమెరా తెర మీద గర్వంగా చూపించాడు. పొయ్యి పక్క గోడ. తర్వాత గోడ. ఆ తర్వాతా గోడే.

"ఇందులో మా పిల్లేదిరా?"

తాతబ్బాయి తమ్ముడి వైపు చూశాడు. ఆదుకోడానికి పోలయ్య ముందుకొచ్చాడు. "దానికేముందండి బాబూ! గోడ ఎలాగూ తీసేశాం. ఇప్పుడు దంపతుల్ని మా వంటింట్లోకి పంపించి ఆ గోడ ముందు నిలబెట్టండి. ఫోటోలో వాళ్ళంతట వాళ్ళే పడతారు."

తాతబ్బాయి హమ్మయ్య అనుకుని పెళ్ళాం వైపు తిరిగాడు. "ఏమే, నువ్వు ముందు ఇంటికి పరిగెత్తు. గిన్నెలు మాత్రం కదపకు, ఫోటోలో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి!"