ఏడు చేపల చలి

పదహారు చేపల్లో తొమ్మిది చచ్చిపోయాయి. ఎందుకు చచ్చిపోయాయో ముకుందానికి అర్థం కాలేదు.

మన్యంలో ఒక వాగు ఒడ్డున ఉంది వాళ్ల ఆశ్రమం. బండ కింద వాగు మడుగులా నిలుస్తుంది. ఆ మడుగులో చేపల్ని ఎవరూ పట్టరు. వాటి బాగోగులు చూడమని గురువుగారు ముకుందానికి అప్పగించారు.

వానలు వెనకబట్టి, నీళ్లు చల్లబడుతున్న రోజుల్లో కొన్ని చేపలు ఒంటిమీద ఎర్రమచ్చలతో తేలాయి. ముకుందం కంగారుపడి ఒకదాన్ని మంచుగడ్డల్లో పెట్టి పట్నంలోని చేపల ఆఫీసుకు పంపాడు. రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. వైరస్ జబ్బు, మందు లేదు. నీళ్ల వేడి గమనిస్తూ ఉండండి.

ముకుందం సముద్రం ఒడ్డున పుట్టినవాడు. కొండల చలి అతనికి ఎముకల్లోకి దిగేది. చిన్నప్పుడు ఎవరికి ఏ జబ్బు చేసినా వాళ్లమ్మ గాలి తగలని మూల పడుకోబెట్టి, దుప్పటి కప్పి, వేన్నీళ్లు తాగించేది. అతనికి తెలిసిన వైద్యం అదే.

మడుగులోంచి నలతలేని చేపల్ని పదహారు ఏరి, పెరట్లో రాతితొట్టిలో వేశాడు. రోజూ పొద్దున్నే స్నానాల కాగులోంచి చెంబుతో వేన్నీళ్లు తెచ్చి, వేలు ముంచి చూసుకుంటూ, తొట్టినీళ్లు గోరువెచ్చన అయ్యేదాకా పోసేవాడు.

మొదట చేపలు చురుగ్గా తిరిగాయి. అతనికి ప్రాణం లేచి వచ్చింది. అయిదో రోజున మచ్చలు తేలాయి. పదో రోజుకి మిగిలినవి ఏడు.

మడుగులో మాత్రం చావులు ఆగిపోయాయి. అక్కడ నీళ్లు చెయ్యి పెడితే కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. చేపలు అడుగున రాళ్లలా పడి ఉన్నాయి. అయినా బతికే ఉన్నాయి.

కట్టెలు తెచ్చే చిలకమ్మ మోపు దించి తొట్టిలోకి తొంగిచూసింది.

"ఓ స్వెట్టరు కూడా అల్లీ బాబూ వీటికి."

"నవ్వకు చిలకమ్మా. దగ్గరుండి చూసుకున్నవే పోతున్నాయి. వదిలేసినవి బాగున్నాయి. ఏమిటిది?"

"ఆ రోగం వాటి ఒంట్లోనే ఉంతాది. నీళ్లు బాగా చల్లబడితే పడుకుంతాది. గోరువెచ్చనైతే లెగుస్తాది. మా అయ్య చెప్పేవోడు."

"వెచ్చదనానికి రోగం లేవడమేమిటి? చలికి కదా జబ్బు చేసేది!"

"నీకు చేస్తాది బాబూ," అని ఆవిడ కట్టెలు పేర్చడానికి వెళ్లిపోయింది.

ఆ మాట అతనికి రుచించలేదు. అలాగని కొట్టిపారెయ్యనూ లేకపోయాడు. వేన్నీళ్లు మానేస్తే ఈ ఏడూ చలికి పోతాయేమో. పోస్తే రోగానికి పోతాయేమో. ఏది మానాలో, ఏది చెయ్యాలో తోచలేదు. అన్నం సహించలేదు.

మర్నాడు తెల్లవారాక కాగు దగ్గర చెంబు ముంచుకుని వస్తూ గురువుగారికి ఎదురుపడ్డాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"స్వామీ, పొయ్యమంటారా, మానమంటారా? మీరు ఏదంటే అది."

గురువుగారు తన భుజం మీది కంబళి తీసి అతనికి కప్పారు. రెండు అంచులూ మెడ దగ్గర దగ్గరికి లాగారు. తర్వాత అతని చేతిలో చెంబు తీసుకుని, వంగి, వేన్నీళ్లు అతని పాదాల మీద పోశారు. తొందరపడకుండా, చివరి చుక్క దాకా.

గురువు తన కాళ్ల దగ్గర వంగేసరికి ముకుందం వెనక్కి జరగబోయాడు. కాళ్లు జరగలేదు. వెచ్చదనం మోకాళ్ల దాకా పాకింది.

"హాయిగా ఉందా?"

"ఉంది స్వామీ."

"చేపలకు చలి తగ్గిందా?"

గురువుగారు ఖాళీ చెంబు అతని చేతిలో పెట్టి వాగు వైపు నడిచారు.

ముకుందం తొట్టి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. రాత్రి చలికి నీళ్లు చల్లబడి ఉన్నాయి. ఏడు చేపలూ అడుగున కదలకుండా ఉన్నాయి. రోగంతోనో, చలితోనో, సుఖంగానో అతనికి తెలియలేదు. ఎంతసేపు చూసినా తెలియలేదు.

పెరట్లో కాగు మరుగుతూనే ఉంది. అతను మాత్రం లేవలేదు.