కంచెమల్లమ్మ చేతి మీది గీతలు

తూర్పు కనుమల పాదాన, మల్లివలస గ్రామం చివర కంచెమల్లమ్మవారి ఆలయం ఉన్నది. ఈ ఊరిలో అడవిమల్లె పొద లేని పెరడు కనిపించదు. వేసవిలో వచ్చే భక్తులకు గుడి కంటే ముందు ఆ పరిమళమే ఎదురువస్తుంది.

పూర్వం ఇక్కడ అమ్మవారు పేరు లేని రాతివిగ్రహంగా ఆరుబయట ఉండేది. ఆ రోజులలో ఒక నేతగాని భార్య నూకాలు కొండ మీద నుంచి అడవిమల్లె పిలక తెచ్చి, పెరటి కంచె పక్కన నాటి, బియ్యం కడిగిన నీళ్లు పోసి మూడేళ్లు పెంచింది. తొలిపూలు అమ్మవారికేనని మొక్కుకున్నది. తీరా పొద పూతకు వచ్చాక, సాయంత్రం నిండుగా ఉన్న మొగ్గలు తెల్లవారేసరికి ఒక్కటీ మిగిలేవి కావు.

కంచెకు అవతల పారమ్మ ఒంటరిగా ఉండేది. నూకాలుకు ఆమె మీద అనుమానం పుట్టింది. నీళ్లకు వెళ్లినప్పుడు ఆమె కొప్పు వంక చూసేది. ఆమె వాకిట రేకులు రాలాయేమోనని వెదికేది. పారమ్మ నవ్వితే దొంగనవ్వు అనుకున్నది. నవ్వకపోతే తప్పు చేసింది గనుకనే అనుకున్నది. చివరకు పొద చుట్టూ రేగుముళ్లు కట్టింది. మర్నాడు పూలు పోయాయి గాని, పారమ్మ చేతుల మీద చిన్న గీత కూడా లేదు. అయినా అనుమానం తీరక నూకాలు ఆమెను పెద్దలతో పిలిపించి, అమ్మవారి ముందు ప్రమాణం చేయమన్నది.

పారమ్మ కర్పూరం వెలిగించింది. ఆ వెలుగులో అందరూ చూశారు. అమ్మవారి ఒడిలో తాజా అడవిమల్లెలు ఉన్నాయి. కుడి ముంజేతి మీద మూడు గీతలు, ఒక గీతలో విరిగిన రేగుముల్లు. నూకాలు సాగిలపడి అమ్మవారిని క్షమించమని వేడుకున్నది.

"అమ్మ చెయ్యి ఒక్కటే గీరుకుందా, నూకాలూ?" అని పారమ్మ ఇంటికి వెళ్లిపోయింది.

నూకాలు ఆనాడే ముళ్లన్నీ ఒట్టి చేతులతో పీకివేసింది. పారమ్మ మాత్రం ఏడాదిపాటు పలకలేదు. మరుసటి వేసవిలో అమ్మవారు నూకాలుకు కలలో కనిపించి, తన పూలు పొరుగింటి చేతితో కోయించి పంపమన్నది. నూకాలు కంచె దగ్గర నిలబడి ఆ సంగతి చెప్పింది. ఈసారి పారమ్మే అనుమానంగా చూసింది. నిజంగా కలేనా అని అడిగింది.

"నువ్వు నమ్మకపోయినా తప్పు నీది కాదు, వదినా" అన్నది నూకాలు.

పారమ్మ కంచె మీదుగా చెయ్యి చాచి మొదటి మొగ్గ కోసింది.

పేరు లేని అమ్మవారు అలా కంచెమల్లమ్మ అయింది. నేటికీ పూజారి ఆ మూడు గీతలకు రోజూ పసుపు అద్దుతారు. భక్తులకు వేళ్లు వచ్చిన అడవిమల్లె కొమ్మ ప్రసాదంగా ఇస్తారు. దానిని ఇంటి కంచె పక్కన, పొరుగువారి చెయ్యి అందే చోట నాటాలి. తొలిపూత వారే కోయాలి. అలా పెంచిన ఇంటికీ పొరుగింటికీ అమ్మ చల్లని చూపు ఉంటుందని, మాటలు మానుకున్నవారు మళ్లీ కలుస్తారని పెద్దలు చెబుతారు. ఎవరు ఏ పూలు తెచ్చినా, అవి ఎవరి పెరటివని ఈ గుడిలో అడగరు.